గోడ అవతలి దగ్గు

పడుకో బంగారూ, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఈ కథలో రాజు లేడు, రాకుమారీ లేదు. అనగనగా ఒక ఊళ్ళో ఒక గోడ ఉండేది. పెద్ద గోడేం కాదు, నీ గెడ్డం దాకా వస్తుంది, అంతే.

గోడకి ఇవతల వెంకాయమ్మ ఉండేది. ఆవిడ పెరట్లో రెండు మామిడిచెట్లు, ఒక పనస, ప్రాణంలా చూసుకునే ఒక జామచెట్టు. గోడకి అవతల చిన్న పెంకుటింట్లో నూకరత్నం ఉండేది. మిషను మీద జాకెట్లు కుట్టుకుని బతికేది. ఆమెకి ఒక్కతే కూతురు, పైడి. నీ అంత పిల్ల. పుట్టినప్పటి నుంచీ దానికి ఆయాసం.

వెంకాయమ్మ రోజూ సాయంత్రం పెరడంతా ఊడ్చి, ఎండుటాకులు గోడ పక్కన కుప్పపోసి అంటించేది. సాయంత్రం గాలి సముద్రం మీంచి వస్తుంది కదా, పొగంతా గోడ దాటి నూకరత్నం ఇంట్లోకే పోయేది. ఇవతల నిలబడ్డవాళ్ళకి కళ్ళు కూడా మండేవి కావు.

ఒకరోజు నూకరత్నం గోడ దగ్గరికొచ్చి అడిగింది. "పిన్నిగారూ, పిల్లకి ఊపిరాడట్లేదండి. కుప్ప కాస్త ఆ చివర వేసుకోరా?"

"పొగ వేస్తే దోమలు పోతాయే. నీ పిల్లకే మంచిది" అంది వెంకాయమ్మ. మంచిదట, విన్నావా.

ఆ తర్వాత నూకరత్నం పిల్లని చంకనేసుకుని పెరట్లోకే వచ్చింది. "ఒక్కసారి దీని గుండె మీద చెయ్యేసి చూడండి" అంది. పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెంకాయమ్మ చెయ్యి వెయ్యలేదు. పైడి చూపు జామకాయల మీద ఉంది, ఆవిడ అదొక్కటే చూసింది. పిల్లలు కాయల వంక చూడక ఇంకెటు చూస్తారు? ఆ వారంలోనే జామపిందెలు కొన్ని రాలాయి. ఆ పిల్ల దిష్టే తగిలిందని ఆవిడ గట్టిగా నమ్మేసింది.

మూడోసారి నూకరత్నం చేతులు జోడించింది. "ఆకులు నేనే ఊడుస్తానండి. గంపకెత్తి ఊరి బయట పోసొస్తాను. నాకేమీ ఇవ్వొద్దు. నిప్పు మాత్రం పెట్టకండి."

"నా చెట్ల కింద తిరగడానికి వంక దొరికిందా నీకు" అని వెంకాయమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ ఇంట్లో ఒక కొత్త కోడలు ఉండేది. అవతలి దగ్గు ఆమెకీ వినపడేది. అత్తగారికి ఎదురు చెప్పలేక ఊరుకునేది.

ఆ సాయంత్రమే వెంకాయమ్మ కోడల్ని పిలిచి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తెమ్మంది. కోడలు తెచ్చిచ్చింది. ఆవిడ గుప్పెడు తీసి జామచెట్టు చుట్టూ ముమ్మారు తిప్పి మంటలో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి బాగా ఉన్నట్టని మనవాళ్ళంటారు కదా. ఆవిడకి ఘాటు రాలేదు. ఎలా వస్తుంది? ఘాటంతా గోడ దాటిపోయింది. అవతల పైడి తెరలు తెరలుగా దగ్గింది.

"చూశావా, ఎంత దిష్టో" అని రెండో గుప్పెడు వేసింది. నూకరత్నం కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. పొగ పెంకుల్లోంచి దిగింది. అప్పుడు దగ్గు తగ్గి, పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు వినపడ్డాయి.

వెంకాయమ్మ మూడో గుప్పెడు వేసింది. ఈసారి అవతల ఏమీ వినపడలేదు.

"పోయింది పీడ" అని చేతులు దులుపుకుని, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చుంది. కోడలు వడ్డించింది.

అప్పుడు వీధిలో నూకరత్నం ఏడుపు వినపడింది. పిల్లని భుజాన వేసుకుని ఆటో కోసం పరిగెత్తింది. ఆటో దొరికేలోపే పైడి పోయింది బంగారూ. చివరికి దగ్గడానికి కూడా దానికి ఊపిరి లేదు.

నూకరత్నం తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. మూడో రోజు గోడ దగ్గరికొచ్చి, "మూడుసార్లు అడిగాను పిన్నిగారూ. ఒక్కసారి మా ఇంట్లోకొచ్చి నిలబడాల్సింది" అంది. ఆ తర్వాత మిషను రిక్షాలో వేసుకుని ఊరొదిలి వెళ్ళిపోయింది.

వెంకాయమ్మ మళ్ళీ ఆకులకి నిప్పు పెట్టలేదు. ఆకులు వెయ్యడానికి మనుషుల్ని పెట్టి గొయ్యి తవ్వించింది. జామకాయ నోట పెట్టలేదు. సాయంత్రమయ్యేసరికి గోడ పక్కన పీట వేసుకుని, చెవి అటే పెట్టి కూర్చునేది. పోయేదాకా అంతే.

ఆ గొయ్యి నీకు తెలుసు. పొద్దున నువ్వూ నేనూ ఆకులు వేసింది అందులోనే. వెంకాయమ్మ మా అత్తగారు. మిరపకాయలు తెచ్చిచ్చిన కోడల్ని నేనే. దగ్గు విన్నాను, అది ఆగిపోవడమూ విన్నాను, విని అన్నం వడ్డించాను. నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అందుకే నువ్వు నిద్రలో దగ్గితే నాకు ధైర్యంగా ఉంటుంది. దగ్గకపోతేనే లేచి నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇక కళ్ళు మూసుకో.

పొగ పోయె మింటికి,
కథ పోయె కంచికి,
పైడి రాదు ఇంటికి,
నిద్ర రాదు కంటికి.