పైడికో గుక్క

ఎప్పుడు జరిగిందని మాత్రం అడక్కండి. మా తాతకి ఈ కథ చెప్పిన ముసలమ్మకి కూడా ఇంకా పాలపళ్లు రాని కాలమట. ఊ కొడుతూ వినండి. మీరు ఊ కొట్టడం ఆపితే నేనూ ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

కొండ మీది అమ్మవారి జాతరకి వెళ్లే దారిలో ఒక సత్రం ఉండేది. సత్రం వెనక పొడుగాటి సావిడి. దారిలో జబ్బుపడ్డ వాళ్లందర్నీ ఆ సావిట్లో పడుకోబెట్టేవాళ్లు. వాళ్లకి మందులిచ్చే వైద్యుడు శింగరాచార్యులు గారు. మంచివాడు. పిలిస్తే ఎంగిలిచేత్తో లేచి వచ్చేవాడు. ఇక మిగతా చాకిరీ అంతా నూకాలుది. ఊడ్చేది నూకాలు, గుడ్డలు ఉతికేది నూకాలు, రోగికి వాంతి వస్తే తల పట్టుకునేది నూకాలు. నయమై వెళ్లేవాళ్లు ఆచార్యుల కాళ్లకి దండం పెట్టేవాళ్లు. నూకాలు వైపు తల తిప్పి చూసినవాడు లేడు. లోకం అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

ఆ సావిట్లో ఒక ఆచారం ఉండేది. నయమైన మనిషి తను పడుకున్న ఈతచాపని తనే చుట్టి, గోడకి నిలబెట్టి వెళ్లాలి. నయం కానివాళ్ల చాపని సావిడి వెనక కాల్చేసేవాళ్లు. చాపలు చుట్టినా నూకాలే సర్దాలి, కాల్చినా నూకాలే బూడిద ఎత్తాలి.

నూకాలు నడుముకి ఎప్పుడూ ఒక చిన్న ఇత్తడి ఉగ్గుగిన్నె కట్టి ఉండేది. అది ఆవిడ కూతురు పైడిది. పైడికి మాటలొచ్చినా, పరుగులొచ్చినా, పాలైనా నీళ్లైనా ఆ ఉగ్గుగిన్నెతోనే తాగేది. ఇంకోదాంతో ఇస్తే మూతి తిప్పుకునేది.

ఒక జాతరకి పైడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. అప్పట్లో ఆ జబ్బుకి ఊరూరా ఒకటే కట్టడి, నీళ్లు పోయకూడదు. లోపలికి పోస్తే బయటికి పోతుంది, ఆపితే ఆగుతుంది అనేవాళ్లు. ఎవరైనా జాలిపడి చెంబు పట్టుకొస్తే పెద్దలు కసిరేవాళ్లు.

"కారే కుండలో నీళ్లెవరు పోస్తారు?"

నూకాలు తల్లీ అదే అంది. సత్రం వంటావిడా అదే అంది. ఆచార్యులు గారూ అదే అన్నారు. పైడి ఉగ్గుగిన్నె పట్టుకుని పొద్దున "అమ్మా, నీల్లు" అంది. మధ్యాహ్నం "అమ్మా, నీల్లు" అంది. పొద్దువాలేవేళకి పెదాలు కదిలాయిగానీ మాట రాలేదు.

"నయమైపోనీ తల్లీ, కడవెడు పోస్తాను" అంది నూకాలు.

పోసే అవసరం రాలేదు. పైడి చాపని నూకాలే కాల్చుకుంది.

ఆ తర్వాత నూకాలు ఆ కట్టడి విషయంలో అందరికన్నా గట్టిగా తయారైంది. రోగి పక్కన చెంబు కనిపిస్తే లాగేసేది. మీకు కోపం వస్తోంది కదూ? నాకూ వచ్చేది. ఆలోచించండి మరి. కన్నబిడ్డకే ఇవ్వని నీళ్లు ఇంకొకరికి ఏ చేత్తో ఇస్తుంది?

ఇలా ఉండగా, ఒక జాతరకి సన్నాసమ్మ అనే గాజులమ్మి వచ్చి పడింది. అదే జబ్బు. నీళ్లు అడిగింది, నూకాలు లేదంది. బతిమాలింది, నూకాలు లేదంది. తిట్టింది చూశారూ, నూకాలు వైపు ఏడుతరాల వాళ్లనీ లేపి తిట్టింది. అయినా నూకాలు లేదంది. నూకాలు అటు ఏటికి గుడ్డలు పట్టుకెళ్లగానే సన్నాసమ్మ దేక్కుంటూ సావిడి వెనక్కి వెళ్లింది. అక్కడ బండెద్దుల కుడితి తొట్టి ఉంది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, ఇంత ఉప్పు. ఎద్దుల మధ్య తలదూర్చి తాగింది.

నూకాలు వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "ఒలమ్మా, సచ్చిపోతావే!"

"సస్తే దాహం తీరి సస్తాను, నీకేటి?" అంది సన్నాసమ్మ.

చావలేదు. మర్నాటికి లేచి కూర్చుని అన్నం ఎప్పుడని అడిగింది. చాప చుట్టి గోడకి నిలబెట్టి గాజుల మలారం భుజానేసుకుని వెళ్లిపోయింది.

"దానికి ఆయుష్షు గట్టిది" అనుకుంది నూకాలు.

తర్వాత ఒక పల్లకీ బోయీ పడ్డాడు. వాడూ దొంగచాటుగా కుడితి తాగాడు. వాడూ బతికాడు.

"వాడు కండగలోడు" అనుకుంది నూకాలు.

ఆ తర్వాత ఒక ముసలాయన. పీచులాంటి మనిషి, ఆయుష్షూ అయిపోవచ్చింది, కండా లేదు. ఆయన్నీ బోయీలే జాలిపడి కుడితి దగ్గరికి మోసుకెళ్లారు. ఆయనా చాప చుట్టేశాడు. ఈసారి నూకాలుకి ఏం అనుకోవాలో తోచలేదు. కుడితి తొట్టి దగ్గర కూర్చుండిపోయింది. నడుముకున్న ఉగ్గుగిన్నెని గుప్పిట్లో బిగించింది.

ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. నీళ్లే మనిషిని బతికిస్తాయన్నది నిజమైతే, పైడిని చంపింది జబ్బు కాదు.

మాట్లాడకుండా ఊరుకోవచ్చు. ఎవరడుగుతారు? కానీ సావిట్లో ఇంకా మనుషులు దాహం దాహం అంటూనే ఉన్నారు. నూకాలు లేచి ఆచార్యుల దగ్గరికి వెళ్లింది.

"బాబుగారూ, కుడితి తాగినోల్లు లేస్తన్నారు. నాను సూసినాను."

ఆచార్యులు కసరలేదు. "ముగ్గురు లేచారని అందరూ లేస్తారనుకోకూడదు నూకాలూ. తాగకుండా లేచినవాళ్లూ ఉన్నారు. ఇంకా చూడాలి. నువ్వూ చూడు, నేనూ చూస్తాను. మనకి ఏది కావాలో అది కాదు, ఏది జరిగితే అది చూద్దాం."

ఎద్దుల తొట్టి మనుషులకెందుకని నూకాలు కొత్త కుండలో గంజి కాచి ఉప్పు వేసింది. ఆ జాతరకి సావిడి నిండిపోయింది. తాగుతామన్న వాళ్లని గుమ్మం వైపు పడుకోబెట్టారు. వద్దు మొర్రో, పెద్దల మాటే వింటామన్న వాళ్లని గోడ వైపు. నూకాలు రెండువైపులా ఒకేలా గుడ్డలు మార్చింది, ఒకేలా తలలు పట్టుకుంది. పైకి ఎవరికీ చెప్పలేదుగానీ లోపల అమ్మవారికి మొక్కుకుంటూనే ఉంది. అమ్మా, ఇది అబద్ధం కావాలి. రెండువైపులా ఒకేలా జరగాలి.

జాతర ముగిసింది. గుమ్మం వైపు కొన్ని చాపలు కాల్చాల్సి వచ్చింది, లేదనను. గోడ వైపు కొన్ని చాపలు చుట్టారు, అదీ లేదనను. కానీ గుమ్మం వైపు చుట్టిన చాపలు దడిలాగా నిలబడ్డాయి. గోడ వైపు నేల ఖాళీగా ఉంది. సావిడి వెనక బూడిద నూకాలు ఎత్తలేకపోయింది.

ఆచార్యులు ఆ చాపల ముందు నిలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నిజమే నూకాలూ. ఆ రోజు పైడికి నీళ్లొద్దని చెప్పింది నేనే."

"సెప్పింది మీరు బాబూ. ఆపిన సెయ్యి నాది" అంది నూకాలు. అని నేలమీద పడి ఏడ్చింది. పైడి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదట.

ఆచార్యులు ఆవిణ్ణి ఓదార్చి ఒక దారి చెప్పాడు. "కొత్త మందు దొరికిందని చెప్పి గంజి ఇద్దాం. పాత సంగతి ఎవరూ తవ్వరు. నీ పైడి మాట ఎవరూ ఎత్తరు." నూకాలు తలూపింది. కొంతకాలం అలాగే నడిచింది. మందంటే జనం బాగానే తాగారు.

అప్పుడు వచ్చింది అచ్చియ్యమ్మ. దూరపు ఊరి పిల్ల, తొలిచూలు కొడుకుని గుండెకి అదుముకుని వచ్చింది. వెనకే అత్తగారు. పిల్లాడి కళ్లు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. కాసేపటికి ఏడుపూ మానేశాడు.

ఆచార్యులు గిన్నెతో వచ్చి "ఇది మందమ్మా" అన్నాడు.

"మందని పేరెట్టి నీల్లు పోస్తన్నారు, నాకు తెలవదేటి?" అంది అచ్చియ్యమ్మ. "కారే కుండలో నీల్లెవరు పోస్తారు? మా అత్త ముందే సెప్పింది."

గాజుల సన్నాసమ్మ ఆ జాతరకీ వచ్చి ఉంది. ఆవిడా చెప్పి చూసింది. "ఓసి పిచ్చిదానా, ఎద్దులతో పాటు కుడితి తాగి బతికినాను. నన్ను సూడు, గుండురాయిలా ఉన్నానా లేదా?"

"నువ్వు గుండువే, నా గుంటడు పసోడు" అని అచ్చియ్యమ్మ పిల్లాణ్ణి ఇంకా గట్టిగా అదుముకుంది. పిల్లాడి తల పక్కకి వాలిపోయింది.

అప్పుడు నూకాలు వచ్చి ఆ పిల్ల ఎదుట కింద కూర్చుంది. నడుము దగ్గరి ముడి విప్పి ఉగ్గుగిన్నె తీసింది.

"ఇది నా గుంటదాని గిన్నె. దాని పేరు పైడి. దానికీ ఇదే జబ్బు. పొద్దున అమ్మా నీల్లు అంది, పోయనేదు. మద్దేనం అమ్మా నీల్లు అంది, పోయనేదు. సందేళ మాట రానేదు. కారే కుండలో నీల్లెవరు పోస్తారని మా అమ్మ అంది, నాను నమ్మినాను. అమ్మా, బిడ్డ కుండ కాదు. కుండకి దాహం ఎయ్యదు. నా సేత్తో నా పిల్లని ఎండగట్టినాను. నువ్వు ఆ పని సెయ్యకు. నీ కాల్లట్టుకుంటాను."

సావిట్లో అందరూ విన్నారు. తాగి బతికినవాళ్లు విన్నారు. తమవాళ్ల చాపలు కాల్చుకున్నవాళ్లూ విన్నారు. ఒకామె నోట్లో చీరకొంగు కుక్కుకుని బయటికి పరుగెత్తింది. ఆచార్యులు తల దించుకున్నాడు.

మాట్లాడింది అత్తగారు. ఏ మందు వాసనా పడనివ్వని ఆ ముసలామె నూకాలు పక్కనే కూలబడింది. "నాను కూడా ఇద్దర్ని అలాగే పోగొట్టుకున్నానమ్మా" అంది. కోడలి చేతుల్ని తనే వదులు చేసింది.

నూకాలు ఉగ్గుగిన్నెలో గంజినీళ్లు పోసింది. చెయ్యి ఆగింది. ముందుగా ఒక్క చుక్క నేలమీద వొంపింది.

"పైడికో గుక్క" అంది. తర్వాత పిల్లాడి పెదాలకి ఆనించి "నీకో గుక్క" అంది.

కక్కేశాడు. కాసేపు ఆగింది. మళ్లీ ఒక గుక్క. కక్కేశాడు. మళ్లీ ఆగింది. మళ్లీ ఒక గుక్క. అది నిలిచింది. అలా గుక్కగుక్కగా పొద్దంతా పోస్తూనే ఉంది, చెయ్యి లాగుతుంటే అచ్చియ్యమ్మ పోసింది, ఆవిడ చెయ్యి లాగితే అత్తగారు పోసింది. ఎండ చల్లబడే వేళకి అచ్చియ్యమ్మ గట్టిగా అరిచింది. అందరూ పరుగెత్తుకొచ్చారు.

పిల్లాడు ఒళ్లో ఉచ్చ పోశాడు.

నవ్వకండి! ఎండిపోయిన ఒంటికి నీరు పట్టిందని దానర్థం. అత్తగారు ఆ తడిని చేత్తో అద్దుకుని కళ్లకి అద్దుకుందట. సన్నాసమ్మ మలారంలోంచి గాజులు తీసి సావిట్లో ఆడాళ్లందరికీ ఊరికే తొడిగింది. నూకాలు మాత్రం ఖాళీ ఉగ్గుగిన్నె ఒళ్లో పెట్టుకుని పిల్లాణ్ణి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత నూకాలు చాలా ఏళ్లు బతికింది. ఏ సంగతి చెప్పినా "సూద్దాం" అనేది. మంచం పట్టినవాళ్లని పక్కలు తిప్పితే పుళ్లు పడవంటే, సూద్దాం అంది. చూసింది, నిజమైంది, తిప్పింది. సావిట్లో ధూపం దట్టంగా వేస్తే జబ్బు పారిపోతుందంటే, సూద్దాం అంది. చూసింది, దగ్గు ఎక్కువైంది, మానేసింది. వేపమండ తలాపున పెడితే జ్వరం దిగుతుందంటే అదీ చూసింది. దిగలేదు, పెరగలేదు. "తల్లులకి దైర్నంగా ఉంటాది, ఉండనీ" అని ఊరుకుంది.

నూకాలు పోయినప్పుడు ఆవిడ చాపని కాల్చలేదు. ఆచార్యులు అప్పటికి పండుముసలివాడు, తనే వంగి ఆ చాప చుట్టి గోడకి నిలబెట్టాడు.

సత్రం ఇప్పుడు లేదు. గోడల జాడ కూడా లేదు. కానీ ఆ దారిపొడుగునా ఊళ్లలో ఎవరైనా వచ్చి ఫలానా ఆకు మంచిది, ఫలానా పసరు మంచిదని గొప్పలు చెబితే, ఆడవాళ్లు నడుమ్మీద చెయ్యేసుకుని "నూకాలు సూసిందా?" అని అడుగుతారు. పిల్లలు పెద్దవాళ్లైపోయినా ఇంట్లో ఉగ్గుగిన్నె పారేయరు. ఎవరికి ఆ జబ్బు చేసినా ఉప్పుగంజి కాచి, ముందొక చుక్క నేలకి వొంపి పైడి పేరు చెప్పి, అప్పుడు రోగికి పోస్తారు. ఆ ఊళ్ల నుంచి వెళ్లి పెద్దాసుపత్రిలో నర్సులైన పిల్లలు కూడా, చెంచాతో పసివాళ్లకి నీళ్లు తాగిస్తూ పెదాల్లోనే ఏదో అనుకుంటారట. డాక్టర్లు అదేదో లెక్కపెట్టుకుంటున్నారనుకుంటారు.

కథ కంచికి వెళ్లలేదు, ఆ సావిడి గుమ్మంలోనే ఆగింది. చెప్పీ చెప్పీ నా గొంతు తడారిపోయింది. ఆ చెంబు ఇలా అందుకోండి. ఆగండి, ముందు నాకు కాదు.

పైడికో గుక్క.