సన్నెమ్మ ఒడిలో గుడ్లు

ఏమమ్మా, ఈకలూడిన ఆ పెట్టను గంప కింద ఎందుకు మూశావు? దెబ్బలు తిన్నదాన్నే దొంగను చేశావా? కళ్ళున్నాయి, చూడవు. నోరుంది, ఆగదు. కూర్చో. విని బుద్ధి తెచ్చుకో.

వెనకటికి, మీ తాత తాతలు కూడా పుట్టకముందు, కొండ దిగువ పల్లెలో గవరమ్మ అనే ఇల్లాలుండేది. ఆమె పెరటి నిండా కోళ్ళే. ఆ పెరటి చూరు కిందే ఆమె ఆడబిడ్డ సన్నెమ్మ తల దాచుకునేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఆమెకున్నది ఒక్క నల్లపెట్ట. అది గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది. పిల్లలు లేస్తే సన్నెమ్మ ఒకరి చెయ్యి చూడకుండా బతుకుతుంది.

అప్పుడే పెరట్లో వింత మొదలైంది. ఒకనాడు తెల్లపెట్ట తోక పోయింది. ఇంకోనాడు బూడిదరంగు పెట్ట వీపు బోడి అయింది. మరోనాడు చిన్నపెట్ట ఒంటి మీద నెత్తురు. ముంగిస అన్నారు. గాలి సోకిందన్నారు. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

గవరమ్మ గూట్లోకి తొంగి చూసింది. నల్లపెట్ట ఒళ్ళు ఉబ్బించి గుర్రుమంది. దాని రొమ్ము బోడిగా ఉంది. గూటి నిండా ఈకలు.

"దొరికింది దొంగ!" అంది గవరమ్మ.

"ఆ ఈకలు నల్లవి వదినా. గుడ్లకు వెచ్చగా ఉండాలని తనవే పీక్కున్నట్టుంది."

"తన ఒళ్ళే పీక్కునేది పక్కదాన్ని వదులుతుందా? మరి ఇంకెవరు పీకారో చెప్పు!"

"నాకూ తెలీదు వదినా. చూద్దాం."

గవరమ్మ చూడలేదు. పొదుగు దిగితే బుద్ధొస్తుందని పెట్టను నీళ్ళతొట్టిలో ముంచింది. అది మళ్ళీ గుడ్ల మీదికే పోయింది. ఈసారి గవరమ్మ దాని ముక్కులో ఈక గుచ్చింది. మళ్ళీ గుడ్ల మీదికే పోయింది. మూడోసారి కోసి కూర వండేసింది.

కోళ్ళ ఈకలు మాత్రం ఊడుతూనే ఉన్నాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

గుడ్లు పగలడానికి ఇంకా కొన్నాళ్ళే ఉంది. సన్నెమ్మ వాటిని పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లేవలేదు.

"ఏమే, నీకూ పొదుగు పట్టిందా? నిన్నూ తొట్టిలో ముంచనా?" అని గవరమ్మ ఎకసెక్కాలాడింది. అమ్మలక్కలు నవ్వారు. పిచ్చో, పట్టుదలో వాళ్ళకు అర్థం కాలేదు.

కదలకుండా కూర్చున్న మనిషికి చూడడమే పని. సన్నెమ్మ చూసింది.

"వదినా, నీ ఎర్రపెట్టను గంప కింద ముయ్యి."

"ఒక్క ఈకైనా చెదరని బంగారం అది!"

"అందుకే వదినా. అన్నిటినీ పీకేది అదే. దాన్ని పీకేది ఇంకోటి లేదు."

గవరమ్మకు ఒళ్ళు మండింది. కుండెడు చన్నీళ్ళు తెచ్చి సన్నెమ్మ నెత్తిన కుమ్మరించింది. సన్నెమ్మ గుడ్ల మీదికి వంగిపోయింది. చుక్క నీరు వాటికి తగలనివ్వలేదు. ఆ తడితోనే చలిజ్వరం వచ్చింది. ఆ జ్వరంతోనే పోయింది.

పాడె ఎక్కించబోతుంటే ఆమె ఒడిలోని పాత చీర మూటలోంచి కిచకిచమని వినపడింది. మూట విప్పారు. అన్నీ పిల్లలే! ఏడవాలో, నవ్వాలో ఆడవాళ్ళకు తెలియలేదు. తలొక పిల్లను కొంగున వేసుకుని ఇళ్ళకు తీసుకుపోయారు.

అందుకే ఆ వైపు ఊళ్ళలో ఈనాటికీ కోళ్ళ ఈకలూడితే, పుండు పడినదానికి మసి పూసి విడిగా దాస్తారు. నున్నగా ఉన్నదాన్ని గంప కింద మూస్తారు. మూసేముందు "సన్నెమ్మా, నువ్వూ ఓసారి చూడమ్మా" అంటారు. పొదుగు కోడిని ఎవరూ నీళ్ళలో ముంచరు.

గవరమ్మ కోళ్ళు పుండ్లు పడి ఒక్కొక్కటే చచ్చాయి. పెరడు ఖాళీ అయ్యాక ఆమె ఒక పిల్లనైనా ఇమ్మని గుమ్మం గుమ్మం తిరిగింది.

"ఇస్తాం. ఇవన్నీ సన్నెమ్మ పిల్లల సంతానమే. ఆమెనేం చేశావో మా గుమ్మంలో నిలబడి చెప్పు, తీసుకుపో" అన్నారు.

గవరమ్మ వెనక్కి తిరిగింది. ఒట్టి చేతులతో ఇంటికి పోయింది. చచ్చేదాకా ఆ పెరట్లో మళ్ళీ కోడి కూయలేదు.