వేయించిన మన్ను

మిరపనారు నలభై దినాలైనా రెండంగుళాలు దాటలేదు. ఆకుల అడుగున వంకాయ రంగు తిరిగింది. ఓబులేసు నారు పోసిన కుండలను ఎండకు జరిపాడు, నీడకు జరిపాడు. ఏమీ మారలేదు.

అది కొండకింది జంగమ మఠం. ఉన్నది అరెకరం. మిరప, కూరాకులు తప్ప వేరే పైరు వేయరు. తోటపని ఓబులేసుది. గంగప్ప అనే ముసలి శిష్యుడు రోజూ జోలె వేసుకుని ఊళ్లమీదికి భిక్షకు పోతాడు.

"మన్నులో లోపం లేదు అయ్యవారూ," అన్నాడు ఓబులేసు గురువు శివరుద్రయ్యతో. "పోయినేడు వేళ్లకు తెల్లబూజు పట్టింది. అందుకే ఈసారి మన్నూ ఎరువూ పెనంమీద వేయించి, జల్లెడ పట్టి పోసినాను. పురుగు లేదు, బూజు లేదు."

"పోయినేడు కాయ కాసిందా?"

"కాసింది. ఆ బూజును కూడా మేపకుంటే ఇంకా కాసుండు."

గురువు వంగి ఒక కుండలోని మన్ను వేలితో కదిపి చూశాడు. ఓబులేసు మనసులో ఉన్న ఇంకో మాట కూడా బయట పెట్టాడు.

"గంగప్ప తాత ఒక్క పాది తవ్వడు. తెల్లారితే ఊళ్లు పట్టుకుని తిరిగి, మధ్యాహ్నం సంగటి ముద్దకు వస్తాడు. ఆయన్ను వాళ్ల అన్నకొడుకు దగ్గరికి పంపించేయండి."

"పంపిద్దాం. ముందు నీ నారు సంగతి తేలనీ."

శివరుద్రయ్య గట్టుమీద దానంతటదే మొలిచిన కందిచెట్టు మొదట్లో పిడికెడు మన్ను తీశాడు. చివరి కుండలో, వేళ్ల దగ్గర కలిపాడు.

"దీనికి వేరే ఎరువు వెయ్యొద్దు."

నెల తిరిగేసరికి ఆ ఒక్క కుండలో మొక్కలు జానెడు లేచాయి. మిగతావి ఎక్కడివక్కడే. ఓబులేసు ఆ కుండలోని ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెళ్లగించి గురువు ముందు పెట్టాడు.

"మళ్లీ బూజు పట్టింది అయ్యవారూ. అయినా ఎట్లా పెరిగింది?"

"వేరు ఎందాక పోయిందో చూడు."

"నాలుగంగుళాల దాకా."

"ఆ పోగులు?"

ఓబులేసు గడ్డను మెల్లగా విడదీశాడు. కంటికి ఆనీ ఆనని తెల్లటి పోగులు. వేరును పట్టుకుని, వేరు ఆగిన చోటు దాటి, మన్ను సందుల్లోకి పోయాయి. గడ్డ అయిపోయినా అవి అయిపోలేదు.

"అవి మన్నంతా తిరిగి, వేరుకు అందని సారం తెచ్చిస్తాయి," అన్నాడు శివరుద్రయ్య. "చెట్టు వాటికింత పెడుతుంది. నువ్వు పెనంమీద మాడ్చింది వీటినే." లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

మధ్యాహ్నం గంగప్ప చెమటతో వచ్చి అరుగుమీద కూలబడ్డాడు.

"ఏమిరా ఓబులేసూ, నన్నెప్పుడు తోలేస్తావంట?"

ఓబులేసు లేచి దగ్గరికి పోయాడు. ముసలాయన భుజంమీది జోలె దించబోయాడు. ఒంటిచేత్తో అది లేవలేదు.

"రాగులు," అన్నాడు గంగప్ప. "మూడూళ్లు తిరిగినా. మనందరి సంగటికి వారందాకా చాలు."

ఓబులేసు జోలెను రెండు చేతులతో లోపల పెట్టాడు. చెంబుతో నీళ్లు తెచ్చి, ముసలాయన కాళ్లమీద పోశాడు.