బూడిదయ్య మింగేసిన కేక

ఏటి ఒడ్డున మద్దిచెట్టు మీద బూడిదయ్య అనే కొండముచ్చు కాపురం. చెట్టు కింద చుక్కల దుప్పుల మంద. కొండముచ్చులు తిని విదిల్చిన చిగుళ్లు దుప్పులకు మేత. చిరుతపులి జాడ కనబడితే పైనుంచి బూడిదయ్య ‘ఖక్’మని కేకెయ్యాలి. తాతలనాటి ఒప్పందం అది. ఆ కేక మీది భరోసాతోనే దుప్పులు తల దించి మేసేవి, పిల్లలకు పాలిచ్చేవి.

బూడిదయ్యకు ముక్కు మీద కోపం. పండు దగ్గర పేచీ వస్తే చాలు, పిల్లల వీపులు మోగిపోయేవి. చివరికి తన కోపం మీద తనకే రోత పుట్టి, ఎండ చల్లబడే వేళ కళ్లు మూసుకుని, ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోవడం మొదలెట్టాడు. కొన్నాళ్లకు గుణం కనబడింది. చెయ్యెత్తడం మానేశాడు.

“కొట్టడం మానాడు, అదే పదివేలు,” అంది పెళ్లాం.

“అన్న మొహంలో ఏదో కళ వచ్చింది వదినా,” అంది కిందనుంచి దుప్పి చుక్కమ్మ.

ఆ మాట బూడిదయ్య చెవిన పడింది. మర్నాటి నుంచి నలుగురికీ బాగా కనబడే కొమ్మ మీదికి మారి కూర్చున్నాడు.

ఈ సంగతి నక్కకు తెలిసింది. చిరుత తిని వదిలేసిన ఎముకలతో బతికే ప్రాణి అది. బూడిదయ్య కేకల పుణ్యమా అని చిరుతకు వేట దొరక్క, దాని పొట్టా మాడుతోంది. ఓ సాయంత్రం చెట్టు కిందికొచ్చి నిలబడింది.

“దండాలు సామీ! ఏం నిష్ఠ, ఏం నిష్ఠ! ఒక్కటే లోటు.”

“ఏమిటది?”

“అబ్బే, నాబోటివాడు చెబితే ఏం బావుంటుంది?”

“చెప్పవయ్యా, నసగకుండా!”

“ఆ కేక సామీ. చిరుత వాసన తగిలితే చాలు, గుండె ఝల్లుమని అరిచేస్తారు. మనసు గెలిచినవాడికి అదురూ బెదురూ ఉంటాయా? కొండ అవతల ఒక ముసలి ఎలుగుబంటి ఉండేదట, పక్కన పిడుగు పడ్డా రెప్ప కదపలేదట. మీరూ అంతటివారే అనుకున్నాను...”

“అనుకోవడమేమిటి? రేపొచ్చి చూడు!”

మర్నాడు నక్క చెట్టుకెదురుగా ముందుకాళ్లు జోడించి కూర్చుంది. కాసేపటికి గాలిలో ఆ వాసన వచ్చింది. బూడిదయ్య రెప్ప సందులోంచి చూశాడు. గడ్డిలో పసుపుపచ్చటి వీపు పాకుతోంది. కింద చుక్కమ్మ పిల్ల తోకాడిస్తూ పాలు తాగుతోంది. కేక గొంతు దాకా వచ్చింది. నక్క చూపు మాత్రం తన మొహం మీదే ఉంది.

‘ఇప్పుడు అరిస్తే అడవంతా చెప్పుకుని నవ్వుతుంది,’ అనుకున్నాడు. కళ్లు గట్టిగా మూశాడు. ఊపిరి పీల్చాడు, వదిలాడు. కేక మెల్లగా కిందికి దిగిపోయింది. గెలిచానన్న సంతోషంతో ఒళ్లు పులకరించింది.

అప్పుడు కింద పిల్ల అరిచింది. ఒక్క అరుపే.

మంద చెదిరి, మళ్లీ కూడుకునేసరికి చుక్కమ్మ పొదుగు నుంచి పాలు కారుతున్నాయి.

“నిద్రపట్టిందా అన్నా?”

“లేదమ్మా.”

“మరి చూళ్లేదా?”

“చూశాను. మనసు చలించకుండా నిలబెట్టుకుందామని...”

“నువ్వు కోపిష్టివని అందరూ తిట్టిన రోజుల్లో నా పిల్లలు బతికారన్నా,” అంది చుక్కమ్మ. “కింద ఉన్నది నీ పిల్లే అయి ఉంటే?”

బూడిదయ్య పెళ్లాం తన పిల్లను పొట్టకు కరిపించుకుని అవతలి కొమ్మకు జరిగింది.

పొద్దు వాలకముందే దుప్పులు ఏరు దాటి వెళ్లిపోయాయి. అటువైపు కాపలా కాసే కొండముచ్చు లేదు. ఒక్కో గడ్డిపరకకూ ఒకసారి తలెత్తి చూసుకుంటూ మేయాలి.

బూడిదయ్య మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ధ్యాసకు ఊపిరి దొరకలేదు, ఆ అరుపే దొరికింది. కళ్లు తెరిస్తే, కింద మూతి నాక్కుంటూ నక్క.

“మీ నిష్ఠకు తిరుగులేదు సామీ! రేపు కూడా కూర్చుంటారుగా?”

ధ్యానం కుదిరిందో లేదో కళ్లు మూసుకున్నవాణ్ణి అడక్కూడదు, వాడి నీడన బతికేవాళ్లను అడగాలి.