ఇప్పపువ్వు కొట్టు

ఏటా కార్తీకంలో, ఇప్పపువ్వు ఆసవం పులియబెట్టే ముందు, పేరిశాస్త్రిగారికి ఒక అలవాటు ఉండేది. మన్యం అంచున వైద్యం చేసుకునే ఆయన, చైత్రంలో తమకు పువ్వు ఏరి తెచ్చి ఇచ్చే సోడె ముత్తమ్మకు కబురు పెట్టేవారు. ఆవిడ కొండ దిగి వచ్చాక సామాన్ల కొట్టు గడప దగ్గర నిలబెట్టి, లోపల పువ్వు ఎలా ఉందని అడిగేవారు. బాగుందంటే బానలు కడిగించేవారు. బాగాలేదంటే చైత్రం నుంచి దాచిన పువ్వంతా దిబ్బ పాలే. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల బాలింతలు తాగే మందు కాబట్టి ఆ విషయంలో ఆయన మరో మాట వినేవారు కాదు.

శిష్యుడు చయనులుకు ఈ తతంగం చూస్తే ఒళ్లు మండేది. మండదూ మరి? తొమ్మిదేళ్లుగా ఆ కొట్టు తాళంచెవి అతని మొలనే ఉంది. పువ్వును మూడెండలు ఎండనిచ్చి, వేలికి జిగురు అంటనంతగా ఆరాక కాగులకెత్తేది అతనే. అడుగున వేపాకు పరిచి, మూతికి బంకమట్టి మెత్తి, దాని మీద తన బొటనవేలి ముద్ర వేసేదీ అతనే. పక్షానికోసారి తెరిచి రంగు చూసి, వాసన చూసి, మళ్లీ మెత్తేవాడు. ఇంత చాకిరీ చేస్తే చివరికి చెల్లే మాట ఎవరిది? ఓనమాలు రాని ముత్తమ్మది. పైగా ఈ ఏడు ఆసవం అతను సొంతంగా పులియబెట్టాలి. అది సరిగ్గా కుదిరితే వేరే ఊళ్లో వైద్యం పెట్టుకోవడానికి సెలవిస్తానని గురువుగారు మాట ఇచ్చి ఉన్నారు.

ఆ ఏడు ముత్తమ్మ వచ్చింది. లోపలికి అడుగైనా పెట్టకుండానే మొహం చిట్లించింది.

"ముక్కిపోయిన వాసనొస్తంది అయ్యగారూ. ఈ పువ్వు పనికిరాదు."

చయనులు నిలువునా రగిలిపోయాడు. అక్కడికక్కడే ఆరు కాగులూ తెరిచాడు. ఒక్కోదాంట్లోంచి గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు వాసన చూశాడు. ఏ దోషమూ కనిపించలేదు. మళ్లీ మట్టి మెత్తి, ముద్రలు కసిగా నొక్కి, గురువుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏనాడూ ఆయనకు ఎదురు చెప్పనివాడు ఆ రోజు గొంతు పెంచాడు.

"గురువుగారూ, తొమ్మిదేళ్లుగా నేను బతుకుతున్నదే ఆ కొట్టులో. ఎప్పుడో ఓసారి గడప దాకా వచ్చే మనిషి మాట నా మాట కన్నా ఎందుకు ఎక్కువయింది?"

శాస్త్రిగారు కాగుల సంగతి తర్వాత చూద్దామని, ఒక పని పురమాయించారు. ఇంట్లో తేనె అడుగంటింది, కొండ మీది గూడేనికి వెళ్లి ఒక కుండ తెమ్మన్నారు. వెళ్లి రావడానికి వారం పడుతుంది. అడిగినదానికి బదులు లేదు సరికదా, తేనె మోసుకురావాలా అని చయనులు దారి పొడుగునా సణుక్కుంటూనే నడిచాడు. రాళ్లతోనూ చెట్లతోనూ వాదించాడు. వాటి దగ్గర ప్రతిసారీ అతనే గెలిచాడు.

ఎనిమిదో రోజు పొద్దున్నే దిగి వచ్చాడు. భుజాన కుండ బరువు చంపేస్తోంది. కాళ్లయినా కడుక్కోకుండా, ముందు దాన్ని దించుదామని కొట్టు తలుపు తీశాడు.

వాసన గుప్పున కొట్టింది. తడిసి మూల పడేసిన గోనెసంచి వాసన. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తను లేని వారంలో ఎవరో పువ్వు మార్చేశారనుకున్నాడు. ముత్తమ్మ మాట నెగ్గించడానికే ఇదంతా చేశారనుకున్నాడు, ఎంత అన్యాయమని పళ్లు కొరికాడు. గబగబా మూతలు చూశాడు. ఆరింటి మీదా తన ముద్రలే, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక కాగు పగలగొట్టినంత పని చేసి తెరిచాడు. అదే పువ్వు. వానాకాలంలో ఏనాడో చెమ్మ పట్టి, రోజుకింత చొప్పున ముక్కిపోతూ వచ్చింది. తను ఆ రోజులన్నీ దాని పక్కనే ఉన్నాడు.

సిగ్గుపడాల్సిన చోట అతనికి మళ్లీ కోపమే వచ్చింది. గుప్పెడు పువ్వు పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"ఇది పాడైందని మీకు ముందే తెలుసు. ఆ రోజే నా మొహాన చెప్పకుండా నన్ను కొండెక్కించి ఎందుకు దించారు?"

శాస్త్రిగారు అతని చేతిలోంచి రెండు పువ్వులు తీసుకున్నారు. కళ్లు మూసుకుని, చాలాసేపు వాసన చూసి, తిరిగి అతని చేతిలోనే పెట్టారు.

"నాకు ఇప్పటికీ తెలియడం లేదు, నాయనా. ముప్పై ఏళ్లుగా నేనూ ఈ ఇంట్లోనే ఉన్నాను కదా. ఇక్కడ నాకు ముత్తమ్మ ఉంది. నువ్వు వైద్యం పెట్టబోయే ఊళ్లో నీకెవరున్నారో ముందు వెతుక్కో."