అయిదో తాంబూలం

పరదేశయ్య గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. కండువా దులిపి భుజాన వేసుకుంటారు, అంతే. అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఆ ఉదయం అడిగినవాడు జోగినాయుడు. పటాలంలో పనిచేసినవాడు, అందులోనూ పరాయిదేశంలో శాంతి కాపాడే సేనలో నీలం టోపీ పెట్టుకుని నిలబడ్డవాడు.

"లోకంలోని దేశాలన్నీ కలిసి మమ్మల్ని పంపాయి గురువుగారూ. పక్క దేశంవాళ్ళు వచ్చి మా కళ్ళెదుటే ఊరు తగలబెడుతుంటే, ఆపమని పెద్ద దేశాల సభ నుంచి ఒక్క ఆజ్ఞ రాలేదు. ఓ ఆడమనిషి నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఎందుకు రాలేదు?" ఈ మాట ఎంతమందిని అడిగాడో, అడిగి అడిగి అలిసిపోయి ఉన్నాడు.

గురువుగారు అతన్ని సముద్రపొడ్డున జాలరిపేటకు తీసుకెళ్ళారు. తాటాకు పందిరి కింద కులపెద్దలు అయిదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఎదుట నూకాలమ్మ తెగిన వల ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. మొగుడు పోయిన మనిషి, ఇంటికి ఆ వలే ఆధారం. ఆమె కొడుకు వల వేసుకునే వంతులో ఎర్రన్న తన పెద్ద పడవ తోలి దాన్ని చీల్చిపారేశాడు. చూసినవాళ్ళు బోలెడుమంది. ఎర్రన్నా కాదనలేదు.

ఆ పేటలో ఒక కట్టుబాటుంది. తీర్పు చెప్పాక తాంబూలాల పళ్ళెం తిప్పుతారు. పెద్దలందరూ తీసుకుంటేనే తీర్పు చెల్లుతుంది, ఒక్కటి మిగిలినా చెప్పింది చెప్పనట్టే. తప్పు ఎర్రన్నదేననీ, కొత్త వల కొనివ్వాలనీ ముసలిపెద్ద చెప్పాడు. పళ్ళెం తిరిగింది. నలుగురూ తీసుకున్నారు. అయిదో పెద్దమనిషి ఎర్రన్నే. అతను పళ్ళెం వంక చూడనైనా చూడలేదు, గాలి ఎటు మళ్ళిందో చూసుకుంటూ కూర్చున్నాడు.

జోగినాయుడికి కోపం నషాళానికంటింది. "కంచే చేను మేస్తుంటే, ఇతనికి పెద్దరికమెందుకిచ్చారయ్యా?"

ముసలిపెద్ద నీరసంగా నవ్వాడు. "ఇవ్వకముందు ఈ ఇసక మీద తలకాయలు పగిలీవి బావూ. పెద్ద పడవలున్న అయిదుగురం, ఈ కట్టుబాటుంటేనే వొచ్చి కూకుంటామన్నాం. ఆడొక్కడే కాదు, నానూ ఓపాలి తాంబూలం వొదిలీసినోన్నే."

"మరి నన్నెందుకు పిలిసినారు?" అంది నూకాలమ్మ.

ఆమె వల చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుంది. పాపం, ఆ పూట పొయ్యి ఎలా వెలుగుతుందని కూడా ఎవరూ అడగలేదు. జోగినాయుడికి తన చొక్కా పట్టుకున్న ఆ చెయ్యి మళ్ళీ గుర్తొచ్చింది.

తిరుగుదారిలో అతను ఆగిపోయాడు. "ఆ పందిరి పీకి పారెయ్యాలి గురువుగారూ."

గురువుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆయనకూ అలుపొచ్చినట్టే ఉంది.

"పీకు నాయనా. రేపు ఇంకొకరి వల తెగితే, ఆ మనిషి ఎవరి ఎదుట కూర్చుని ఏడవాలో చెప్పి మరీ పీకు."