పీకని ప్లగ్గు

పార్వతీపురంలో శశిభూషణ్ అనే యువకుడు ఉండేవాడు. ఏ పని చేతికిచ్చినా ముందు దాన్ని ముస్తాబు చేసేవాడు, ఆ ముస్తాబులో పడి అసలు పని మరిచిపోయేవాడు. పుస్తకం కొంటే అట్ట వేసి, అట్ట మీద బొమ్మ వేసి, బొమ్మ చుట్టూ అంచు గీసి అరలో పెట్టేవాడు. చదివేవాడు మాత్రం కాదు. వాళ్లక్క హైమావతి బడిలో తెలుగు టీచరు. చిన్నప్పుడు అతనితో అక్షరాలు దిద్దించింది ఆవిడే. "నీకు తొక్క మీద ఉన్న మోజు పండు మీద ఉండదురా" అని నవ్వేది.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో నరహరి గారనే ఆయన, ఇంకొందరు కలిసి కంప్యూటర్‌ను తెలుగులో నడిపే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. దానికి 'పొద్దు' అని పేరు పెట్టుకున్నారు. అందరికీ ఇచ్చేముందు దాని బీటాను, అంటే పరీక్ష కోసం ఇచ్చే కాపీని, పదిమందికి పంపారు. వడ్డనకు ముందు ఉప్పు చూడమని కాస్త కూర చేతిలో వేస్తారే, అలాంటిదన్నమాట. పదిమందికీ పది పనులు పంచారు. కంప్యూటర్ పని వచ్చిన శశిభూషణ్ వాళ్లలో ఒకడు. అతనికి నరహరి గారే ఫోన్ చేశారు.

"మీ ఊళ్లో కరెంటు మాటిమాటికీ పోతుంది కదా బాబూ, అందుకే ఈ పని నీకిస్తున్నాను. ఏదైనా రాసి సేవ్ చేస్తున్నప్పుడు ఉన్నట్టుండి ప్లగ్గు పీకెయ్యి. మళ్లీ పెట్టి, రాసింది ఉందో లేదో చూడు. ఇరవైసార్లు చెయ్యి. జరిగింది జరిగినట్టు రాసి పంపు."

"అలాగే సార్" అన్నాడు శశిభూషణ్.

అన్నాడే కానీ, కొత్త తెర చూడగానే అతని చేతులు ఊరుకోలేదు. వెనక నాగావళి మీద సూర్యోదయం పెట్టాడు. తెర మీద నొక్కే గుర్తులన్నీ మార్చి కొండపల్లి బొమ్మల్లాంటివి గీశాడు. అక్క పట్టుచీర అంచు చూసి, తెర అంచుకి అదే రంగు వేశాడు. మూడు వారాలు పట్టింది. స్నేహితులు వచ్చి చూసి "అబ్బ, ఎంత బాగుందిరా" అన్నారు. అప్పుడు పరీక్ష సంగతి గుర్తొచ్చి, ఆ ముస్తాబంతా సేవ్ అవుతుండగా ఒకసారి ప్లగ్గు పీకాడు.

మళ్లీ పెట్టేసరికి సూర్యోదయం లేదు, బొమ్మలు లేవు, అంచు లేదు. బోడి నీలం తెర మిగిలింది. ఇలా ఎందుకైందని శశిభూషణ్ ఆలోచించలేదు. పోయిన సొగసంతా తిరిగి తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఆ తరువాత కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా దాన్ని తన గదిలోని ఇన్వర్టర్‌కి కలిపేశాడు. ఇక ప్లగ్గు జోలికి పోలేదు. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆ ఫైలు మొత్తం ఖాళీ అయిపోవడం, 'పొద్దు'లో ఉన్న పెద్ద లోపం అదే. అది తనంత తానే వచ్చి గుమ్మంలో నిలబడి పేరు చెప్పుకుంది. ఇతను దానికి బొట్టు పెట్టి సాగనంపాడు.

మూడో నెలలో నరహరి గారు మళ్లీ ఫోన్ చేశారు. "ఎలా ఉంది బాబూ?"

"చాలా బాగుంది సార్. నా తెర ఫొటో పంపిస్తాను, చూడండి."

"ఫొటో సరే. ప్లగ్గు పీకి చూశావా?"

"పీకాను సార్" అన్నాడు. ఒకసారి పీకిన మాట నిజమే. పంపాల్సిన పట్టికలో మాత్రం ఇరవై గడుల్లోనూ 'సరిగానే ఉంది' అని రాశాడు. గడులకు రంగులు కూడా వేశాడు. ఆయన నమ్మారు. 'పొద్దు' అందరికీ విడుదలైంది.

హైమావతికి ఒక తపన ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల ముసలమ్మలు తిరగలి తిప్పుతూ పాడుకున్న పాటలన్నీ ఒకచోట చేర్చాలని ఆవిడ కోరిక. అప్పలనర్సమ్మ అనే ఎనభై ఏళ్ల ఆవిడ ప్రతి ఆదివారం వచ్చి, వసారాలో కంప్యూటర్ పక్కన కూర్చుని పాడేది. ఫోన్ ఎదురుగా పెడితే "ఆ డబ్బాని చూస్తే నాకు గొంతు రాదమ్మా" అనేది. అందుకని హైమావతి వింటూనే, అన్నిటినీ ఒకే ఫైలులో టైపు చేసుకునేది. ఆ కంప్యూటర్‌లో 'పొద్దు' ఎక్కించింది శశిభూషణే.

"ఒరే శశీ, వేరేచోట ఇంకో కాపీ పెట్టుకోనా?" అని ఆవిడ ఒకరోజు అడిగింది.

"ఎందుకక్కా? కరెంటు పోతే ఏమవుతుందో పరీక్ష చేసింది నేనే కదా" అన్నాడు. ఆ ఒకసారి పీకినప్పుడు ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు.

రెండేళ్లలో నూట పన్నెండు పాటలయ్యాయి. చివరిది నాగావళి వరద పాట. దాన్ని చెప్పడానికి అప్పలనర్సమ్మకి మూడు ఆదివారాలు పట్టింది. ఆ శ్రావణంలోనే ఆవిడ చనిపోయింది. ఆ పాట మరెవరికీ రాదు.

పదిరోజుల తరువాత ఒక మధ్యాహ్నం హైమావతి తప్పులు దిద్దుకుని పాటలు సేవ్ చేస్తోంది. గాలివాన పట్టి కరెంటు పోయింది. గంటకి వచ్చింది. ఆవిడ ఫైలు తెరిచింది. తెల్లగా ఉంది. మూసి మళ్లీ తెరిచింది. ఒక్క అక్షరం లేదు.

శశిభూషణ్ పరుగున వచ్చి తనకు తెలిసిన విద్యలన్నీ చేశాడు. నరహరి గారికి ఫోన్ చేసి, ఏడుస్తూ ఉన్నదంతా చెప్పాడు. "ఆ రోజు ఒక్క ముక్క రాసి ఉంటే ఒక్క పూటలో సరిచేసేవాళ్లం బాబూ. పోయింది మాత్రం తేలేం" అన్నారాయన. అదే గాలివానకి ఆ వారంలో ఇంకెన్నో ఊళ్ల నుంచి ఆయనకు అలాంటి ఫోన్లే వచ్చాయి.

హైమావతి తమ్ముణ్ణి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"నువ్వు చూశానన్నావు కదా అని..." అని మాత్రం అంది.

తరువాత చాలా ఆదివారాలు ఆవిడ కాగితం పట్టుకుని వసారాలో కూర్చునేది. "నాగావళి నీళ్లొచ్చి నట్టిల్లు నిండెనే" అని మొదటి పాదం పాడేది. రెండో పాదం దగ్గర ఆగిపోయేది. లోపల గదిలో శశిభూషణ్ ఆ పాదం కోసం చెవులు రిక్కించి వినేవాడు. అది రాలేదు. అతను ఇన్వర్టర్ తీగ తీసేసి, సొగసులన్నీ చెరిపేసి, ఇరవైసార్లు ప్లగ్గు పీకి చూశాడు. జరిగింది జరిగినట్టు రాసి పంపాడు. లోపం సరిచేసిన కొత్త 'పొద్దు' వచ్చింది. పాటలు రాలేదు.

పరీక్షించమని ఇచ్చినదాన్ని ముస్తాబు చేసి ఊరుకోకూడదు. కంటబడ్డ లోపాన్ని చెప్పకుండా మనవరకు సర్దుకుంటే, దాని దెబ్బ మనల్ని నమ్మినవాళ్లకే తగులుతుంది.